ముప్పై ఏడో అట్ట

కోరుట్ల బస్టాండు వెనక అద్దె గదిలో ఉంటూ రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లిష్ నాటకాల మీద పరిశోధన చేస్తున్నానని చెబితే, జనం నన్ను రెండు రకాలుగా చూసేవాళ్లు. కొందరు జాలిపడేవాళ్లు. మిగతావాళ్లు "దాంతోటి ఏమస్తది మేడం?" అని మొహం మీదే అడిగేవాళ్లు. అడిగినవాళ్లే నయం, వాళ్లకు జవాబైనా చెప్పొచ్చు. దాంతో నా ఉద్యోగం నిలబడుతుంది.

డిగ్రీ కాలేజీలో నేను గెస్ట్ లెక్చరర్ని. పదమూడేళ్లు అతిథిగానే ఉన్నాను. మా ఊళ్లో ఏ చుట్టమూ అన్నాళ్లు ఉండడు, ఉంటే ఇంటివాళ్లు ఊరుకోరు. ప్రతి జూన్‌లోనూ మళ్లీ పిలుస్తారా లేదా అని ఫోను పట్టుకుని కూర్చునేదాన్ని. ఆ ఏడాది ప్రిన్సిపల్ గారు ముందే చెప్పేశారు, ఈసారి పీహెచ్‌డీ ఉన్నవాళ్ల, కనీసం థీసిస్ ఇచ్చేసినవాళ్ల పేర్లే పైకి పోతాయని. నా రిజిస్ట్రేషన్ అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మే నెలాఖరు ఆఖరి గడువు. అది దాటితే నా పేరు కొట్టేస్తారు, నా వయసులో ఇంకోసారి మొదలుపెట్టడం కల్ల.

నా విషయం గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆ కాలపు కవుల పద్యాలు అందరూ చదువుతారు, మా పిల్లలకు పాఠాల్లో కూడా ఉన్నాయి. వాళ్లూ, వాళ్ల కాలం వాళ్లూ రాసిన నాటకాలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. అప్పట్లో నాటకం రాస్తే ముందు సర్కారు మనిషి చదివి తనకు నచ్చని మాటలు కొట్టేసేవాడు. తర్వాత హాలు మేనేజరు కొట్టేసేవాడు. ఆపైన నటులు తమకు బరువనిపించినవి వదిలేసేవాళ్లు. అచ్చు పుస్తకాలు ఓడల్లో కలకత్తా చేరితే, అక్కడి ఇంగ్లిష్ వాళ్లు ఆడుకునేటప్పుడు మళ్లీ పెన్సిలుతో కొట్టేసేవాళ్లు. కలకత్తాలో ఒక పాత లైబ్రరీలో అట్లా పెన్సిలు గీతలున్న పుస్తకాలు దొరికాయి నాకు. ఎవరి మాటలు కొట్టేశారు? అదే నా పరిశోధన. రాజుగారివి ఎవరూ ముట్టుకోలేదు. దాదులవి, పనివాళ్లవి, ముసలివాళ్లవి పోయాయి. ఒక నాటకంలో ఒక ముసలి దాది చివరి అంకంలో వచ్చి పదకొండు పంక్తులు మాట్లాడుతుంది. తాను చేసిన పొరపాటు ఒప్పుకుంటుంది. అవన్నీ కొట్టేసి, పక్కన "అనవద్దు" అన్నట్టు ఇంగ్లిషులో ఒక్క మాట రాసి ఉంది. ఆ పంక్తుల మీదే నా మూడో అధ్యాయం కట్టుకున్నాను.

ఇప్పుడు అన్నీ నెట్‌లో దొరుకుతాయి కదా అంటారు. నాటకం దొరుకుతుంది, కానీ అది వేరే అచ్చు, పుట సంఖ్యలు కలవవు; ఆ పెన్సిలు గీత అసలే దొరకదు. ఆ గీత ఆ ఒక్క ప్రతిలోనే ఉంది. ఫొటోలు తియ్యనివ్వలేదు. రెండు ఎండాకాలాలు అక్కడ కూర్చుని చేత్తో కార్డుల మీద రాసుకున్నాను. నా పద్ధతి ఏమిటంటే, ఎడమ పై మూలన ఎర్ర ఇంకుతో కార్డు నంబరు, నడుమ నాటకం పేరు, కొట్టేసిన మాటలు, కుడి అంచు మధ్యలో చిన్న అడ్డగీత గీసి పుట సంఖ్య. పేకముక్కల్లా చేతిలో పట్టుకుని తిప్పితే కుడి అంచు కనపడాలని అట్లా రాశాను. అక్షరాలు చీమలంత ఉండేవి. ఆ సంఖ్యలను వ్యాసంలోకి ఎక్కించుకోలేదు. ఫుట్‌నోట్ రావాల్సిన చోట "కార్డు 12", "కార్డు 37" అని పెట్టుకుంటూ పోయాను. ఆఖరున ఒక్కసారే కూర్చుని ఎక్కించేద్దాం అనుకున్నాను. బద్ధకానికి పద్ధతి అని పేరు పెట్టుకోవడంలో చదువుకున్నవాళ్ల తర్వాతే ఎవరైనా.

కోరుట్ల గదిలో గోడకు చెదలు పట్టాయి. ఒక నోటుబుక్కు సగం తినేసి కనిపించింది. కార్డులన్నీ చీరల పెట్టెలో సర్ది సిరిసిల్ల తీసుకుపోయి అమ్మానాన్నల ఇంట్లో, మా మాటల్లో అవ్వా బాపుల ఇంట్లో, అటక మీద పెట్టాను. చెదల నుంచి కాపాడాననుకున్నాను.

మా బాపు నలభై ఏళ్లు మగ్గాల మీద బతికిన మనిషి. మొదట చేతి మగ్గం, తర్వాత సాంచెలు, అంటే పవర్‌లూమ్‌లు. మోకాళ్లు పట్టేసి, చెవులు మందగించాక, అట్టలు కొట్టే షెడ్డులో కూర్చునే పని చూసుకున్నాడు. చీర అంచు మీద పువ్వులు రావాలంటే మగ్గానికి పైన జకార్డ్ అనే యంత్రం ఉంటుంది. దానికి చిల్లులు కొట్టిన అట్టలు వరుసగా దారంతో కుట్టి దండలా ఎక్కిస్తారు. ఒక్కో అట్ట తిరిగినప్పుడు ఒక్కో పోగు వరుస లేస్తుంది. ప్రతి అట్టకూ ఒక నంబరు ఉంటుంది. వరుస తప్పితే పువ్వు చెడుతుంది, అందుకని ఆ షెడ్డులో విడి అట్ట కనిపిస్తే పామును చూసినట్టు చూస్తారు. కొట్టి, కుట్టి, దండ చేసేదాకా వాళ్లకు నిద్ర పట్టదు.

ఏప్రిల్‌లో ఒకరోజు మా అవ్వ బీడీ ఆకుల సంచి అటక మీంచి దించుతుంటే నా పెట్టె జారి కింద పడింది. కార్డులు ఇల్లంతా పరుచుకున్నాయి. ఫ్యాన్ తిరుగుతోంది. బాపు అది చూసి ఎంత భయపడ్డాడో అవ్వ తర్వాత చెప్పింది. ఆయనకు ఇంగ్లిష్ రాదు, అంకెలు వచ్చు. ఎర్ర నంబర్లు చూసి ఒకటి నుంచి చివరిదాకా వరుస పెట్టాడు. ఒక్క కార్డు కూడా తారుమారు కాలేదు. మూడు రోజులు షెడ్డుకు తీసుకుపోయి, పని అయ్యాక కూర్చుని, ఒక్కో కార్డుకూ రెండు అంచుల్లో చిల్లులు కొట్టి, మైనం పట్టించిన దారంతో దండ కుట్టాడు. మరిక ఈ జన్మలో చెదిరిపోకుండా.

ఫోన్‌లో నాతో అన్నది ఒక్కటే. "నీ అట్టలు మంచిగ చేసి పెట్టిన బిడ్డా. ఇంక పరేషాన్ గాకు." ఏం చేశాడో నేను అడగలేదు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

మే రెండో వారంలో సిరిసిల్ల వెళ్లాను. బాపు చేతులు కడుక్కుని వచ్చి పెట్టె మూత తీశాడు. మొదటి కార్డు పట్టుకుని పైకెత్తితే రెండోది, దాని వెనక మూడోది, మడతలు మడతలుగా నా కార్డులన్నీ లేచి వచ్చాయి. ఆయన మొహంలో ఆ మురిపెం నేను ఇప్పటికీ మరిచిపోలేను. నేను ముందు నవ్వాను కూడా. తర్వాత కుడి అంచు చూశాను.

అంచు మధ్యలో బఠాణీ గింజంత చిల్లు. పుట సంఖ్య ఉండాల్సిన చోట. రెండో కార్డుకూ అంతే, మూడో దానికీ అంతే. అడ్డగీత మొదలు కనపడుతోంది, తర్వాత అవతల నేల కనపడుతోంది. దండ మొత్తం గుంజి చూశాను. మగ్గం మేకు పట్టే చిల్లు అది, అట్టకు అది లేకపోతే అట్టే కాదు. బాపు ఎంత నేర్పుగా కొట్టాడంటే ఒక్కటి కూడా పక్కకు పోలేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అవ్వ మాటకు ముందు అంటుంది. ఆ రోజు ఆమె కూడా అనలేదు.

నేను అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది అందరికీ తెలుసు. కానీ ఆ రోజు అరిచింది కోపంతో కాదు, భయంతో.

"నీకెవరు చెప్పిన్రు బాపు ముట్టుకొమ్మని? పదకొండేండ్ల పని! ఏం రాసి ఉందో జర సూడొద్దా? నువ్వు సదువుకుంటే గదా తెల్వనీకి!"

ఆ చివరి మాట నోటి నుంచి వచ్చాక గానీ నాకు వినపడలేదు. బాపు ఒక చిల్లులో చిటికెన వేలు పెట్టి అట్లాగే నిలబడ్డాడు. అవ్వ బీడీల చేట పక్కకు నెట్టి లేచింది.

"గట్లంటవేందే? మూడు దినాలు మెడ ఎత్తలే నీ బాపు. సదవేస్తే ఉన్న మతి పోయిందట, గట్లుంది నీ కత."

నేను బయటికి వచ్చి మా గైడ్ మేడంకు ఫోన్ చేశాను. ఆమె పెద్ద యూనివర్సిటీలో ప్రొఫెసర్, రెండు నెలల్లో రిటైరవుతున్నారు. లైబ్రరీకి రాసి సంఖ్యలు తెప్పించుకోమన్నారు. రాశాను. పాత పుస్తకాల గది మరమ్మతులకు మూసి ఉందని, ఎప్పుడు తెరుస్తారో చెప్పలేమని జవాబు వచ్చింది. మళ్లీ ఫోన్ చేస్తే మేడం, "ఎగ్జామినర్ కలకత్తా వెళ్లి చూస్తాడా అమ్మా? ఏదో ఒక నంబర్ వేసేయండి, గడువు దాటనివ్వకండి" అన్నారు. చెడ్డ మనిషి కాదు ఆమె. నన్ను ఎట్లాగైనా గట్టెక్కించాలనే ఆమె తాపత్రయం.

నేను వెయ్యనని చెప్పాను. ఇతరుల మాటలు ఎవరెవరు కొట్టేశారో పట్టుకోవడానికి పదకొండేళ్లు పెట్టినదాన్ని, దొంగ అంకెలు ఎట్లా వేస్తాను? అట్లా అన్నాను. గట్టిగానే అన్నాను.

మర్నాడు నేను లేచేసరికి బాపు లేడు. ఎనిమిదింటికి ఆటోలో ఒక గోనెసంచి వేసుకుని వచ్చాడు. చిల్లు కొట్టినప్పుడు రాలిన ముక్కలు. వాటిని ఆ షెడ్డులో బొట్లు అంటారు. సంచి నిండాక నూలుకు గంజి పట్టించే సైజింగ్ బట్టీకి పోతుంది, పొయ్యిలో వెయ్యడానికి. ఆ సంచి ఇంకా నిండలేదు. బాపు చెప్పిందంతా కలిపి రెండు మాటలు. "పోలేదు బిడ్డా. గిండ్లనే ఉన్నయి."

సంచిలో ఉన్నవన్నీ గోధుమ రంగు అట్ట బొట్లు, వేలకు వేలు. వాటిలో నావి తెల్లవి. ముగ్గురం నల్ల దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. బొట్లు ఎగిరిపోతాయని ఫ్యాన్ ఆపేశాం, కిటికీ మూసేశాం. మే నెల సిరిసిల్ల ఎండ ఎట్లా ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పక్కరలేదు. మా అవ్వ తంబాకు తీసేసి తన బీడీల చేటలో గుప్పెడు గుప్పెడు బొట్లు పోసుకుని ఒడిలో పెట్టుకుంది. ముప్పై ఏళ్లు ఆకు కత్తిరించిన వేళ్లు ఆమెవి, నేను ఒకటి ఏరేలోపు పది ఏరేది. నేను ఆ వేళ్ల వైపు చూడలేకపోయాను.

తెల్లవి దొరికితే మాత్రం ఏమైంది? బొట్టు మీద 143 అని ఉంటుంది. ఏ కార్డుదో ఎట్లా తెలుస్తుంది? నేను అక్కడే చేతులెత్తేశాను. బాపు ఎత్తలేదు. నేను పుట సంఖ్య ముందు గీసిన అడ్డగీత కార్డు మీద మొదలై బొట్టు మీదకు పోతుంది. ఒకచోట గీత పైకి వాలి ఉంటుంది, ఒకచోట కిందికి. ఒకచోట ఇంకు చిక్కగా ఉంటుంది. తెగిన పోగు ఏ వరుసదో వేలితో తడిమి చెప్పే మనిషి ఆయన. బొట్టును పట్టకారుతో పట్టుకుని చిల్లు దగ్గర పెట్టి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, తిప్పి తిప్పి చూసేవాడు. సరిపోతే "ఆ" అనేవాడు. నేను రాసుకునేదాన్ని.

పది రోజులు అదే పని. నేను చేసిన ఏ పరిశోధనా అంత నిజాయితీగా సాగలేదు. బాపుకు క్షమాపణ చెప్పాలని రోజూ అనుకున్నాను. "బాపు" అని పిలిచేదాన్ని. "ఊఁ" అనేవాడు. తర్వాత నీళ్లు ఇయ్యనా అని అడిగేదాన్ని. ఆయన దొరకని కార్డుల నంబర్లు సుద్దముక్కతో గోడ మీద రాసుకున్నాడు. దొరికినప్పుడల్లా లేచి వెళ్లి ఒకటి తుడిచేసేవాడు.

గడువుకు మూడు రోజులు ఉందనగా గోడ మీద పంతొమ్మిది మిగిలాయి. సంచి అడుగు కనపడింది. దొరకనివాటిలో ముప్పై ఏడో నంబరు ఉంది, నా ముసలి దాది కార్డు.

ఇక ఆగడానికి లేదు. జగిత్యాలలో థీసిస్‌లు టైపు చేసి బైండు చేసే షాపు ఉంది. దొరికిన సంఖ్యలన్నీ ఎక్కించి, ఆ పంతొమ్మిది చోట్ల ఖాళీ వదిలి, నేను పెన్‌డ్రైవు పట్టుకుని పోయాను. దారి పొడుగునా బస్సులో ఒకటే లెక్క. ఆ పంతొమ్మిది కొటేషన్లు తీసేస్తే? మూడో అధ్యాయం కూలిపోతుంది. ఖాళీలు ఉంచితే? యూనివర్సిటీలో తీసుకోరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

షాపులో కంప్యూటరు ముందు ఉన్న అమ్మాయి చాలా జాగ్రత్త గలది. పేజీ పేజీ చూసి, "మేడం, గీడ ఖాళీ ఉంది. ఏం కొట్టాలె?" అని అడిగింది.

నేను "నలభై ఒకటి" అన్నాను.

అంతే, అంత తేలిగ్గా జరిగిపోయింది. ఆమె కొట్టింది. తర్వాతి ఖాళీ దగ్గర మళ్లీ అడిగింది. నేను చెప్పాను. సున్నాతో ముగిసే అంకెలు చెప్పకూడదని, అవి అనుమానంగా ఉంటాయని నాకు అప్పటికప్పుడు తోచింది. అంకం చివరిదైతే పెద్ద సంఖ్య ఉండాలని ఆలోచించి చెప్పాను. దొంగతనానికి కూడా నా చదువు పనికొచ్చింది. ముసలి దాది దగ్గరికి వచ్చేసరికి తెర మీది ఆమె పదకొండు పంక్తులూ చదువుకున్నాను. "మేడం?" అంది ఆ అమ్మాయి. "నూట పన్నెండు కొట్టమ్మా" అన్నాను.

ఆ రోజు నామీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు. పోవాలని కూడా అనుకోవడం లేదు.

థీసిస్ గడువులోపల ఇచ్చేశాను. దొరకనివి తర్వాత ఎక్కించుకోవచ్చని బాపుకు చెప్పాను. కాలేజీ లిస్టులో నా పేరు ఉంది. కొన్ని నెలలకు వైవా పెట్టారు, ఆన్‌లైన్‌లో. కోరుట్లలో మా స్టాఫ్ రూములో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. బాపు వేములవాడ మీదుగా బస్సు పట్టుకుని వచ్చాడు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని. కెమెరాలో పడకుండా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కడో దూరాన ఉన్న ఎగ్జామినర్ అంతా విని చివరలో ఇంగ్లిషులో ఒక మాట అన్నారు. ఈ రోజుల్లో ఇంత శ్రద్ధగా ప్రతి మాటకూ పుట సంఖ్య చూపినవాళ్లు అరుదు అని. నేను థాంక్యూ సర్ అన్నాను. బాపు నా మొహం వైపు చూసి, మంచి మాటే అయి ఉంటుందనుకుని, చేతులు జోడించి ఆ లాప్‌టాప్‌కు దండం పెట్టాడు.

బస్టాండుకు నడిచి వెళ్లాం. సిరిసిల్ల బస్సు ఇంకా రాలేదు. బెంచీ మీద కూర్చున్నాక బాపు జేబులోంచి చిన్న జర్దా డబ్బీ తీశాడు. ఆయన జర్దా మానేసి చాలా ఏళ్లైంది. మూత తీస్తే లోపల దూది, దూదిలో ఒక తెల్ల బొట్టు.

"మొన్న సంచి ఇప్పి కుట్లు కుట్లు సూసిన. మూలల ఇరికింది. ముప్పై ఏడో అట్టది. పెట్టి సూసిన, మంచిగ కూసున్నది."

అరచేతిలో వేసుకున్నాను. చీమలంత అక్షరాల్లో నా చేతిరాత. 88.

అక్కడ, ఆ బెంచీ మీద చెప్పేయాల్సింది. బాపు, నేను నూట పన్నెండు అని వేశాను. నువ్వు అట్టకు చిల్లు కొట్టావు గానీ నేను కొట్టిన చిల్లు కనపడదు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

"పనికొస్తదా బిడ్డా? ఆలిశమైందా?"

"అస్తది బాపు" అన్నాను. "మంచిగ పనికొస్తది."

బాపు డబ్బీ మూత పెట్టి నా చేతికిచ్చాడు. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరిగాడు.

"ఇంక పద్దెనిమిదే ఉన్నయి," అన్నాడు. "నువ్వు రంది పడకు. షెడ్డుల సందుసందు దేవులాడుత."